పొట్టు వదలని పప్పు

పిక్క ఎంత లావు అని తప్ప ఇంకేమీ అడగని మనుషుల మధ్యే నా ఉద్యోగమంతా గడిచింది. జీడిమామిడి మీద పరిశోధన చేస్తానని చెప్పగానే ఎవరైనా ముందు అడిగేది అదే. రైతు అడుగుతాడు, బస్సులో పక్క సీటావిడ అడుగుతుంది. మా పై అధికారి అయితే దాని తర్వాత ఇంకో ప్రశ్న కూడా వేయడు. పిక్క లావుగా ఉన్నంత మాత్రాన లోపల పప్పు లావుగా ఉండాలని లేదు. పెంకు మందంగా ఉండి పప్పు ఓ మూలకి ముడుచుకుని ఉండొచ్చు. పప్పు నిండుగానే ఉన్నా, దాని మీది ఎర్రటి పొట్టు గట్టిగా అతుక్కుపోయి ఉండొచ్చు. అప్పుడు గోటితో గీకితే పప్పు బద్దలైపోతుంది. ఇవన్నీ వేరువేరు లక్షణాలు. ఒక్కో లక్షణం వెనక ఒక్క జన్యువు కాదు, చాలా ఉంటాయి. వాటిలో కొన్ని మనం కోరుకున్నదాన్ని ఇస్తూ వద్దనుకున్నదాన్ని కూడా వెంట తెస్తాయి. ఈ మాట నేను ఎన్నిసార్లు చెప్పానో. విన్నవాళ్ళు తల ఊపి, "అయితే పిక్క ఎంత లావుంటుందండీ?" అంటారు.

నాకు ఈ పొట్టు పిచ్చి పట్టించింది మా అత్త. మా అమ్మ తమ్ముడి భార్య. వాళ్ళది ఉద్దానంలో సముద్రం గాలి తగిలే ఊరు. పెళ్ళయిన కొత్తలో అత్త పలాస దగ్గర ఓ జీడిపప్పు కర్మాగారంలో పొట్టు తీసే పనికి వెళ్ళేది. వేసవి సెలవుల్లో నేను వాళ్ళింటికి వెళితే, సాయంత్రం ఆమె పనినుంచి వచ్చి గుమ్మంలో కూర్చుని చేతివేళ్ళు చాచి ఆముదం రాసుకునేది. బొటనవేలి గోరు ఎప్పుడూ అరిగిపోయి ఉండేది.

"కొన్ని బస్తాల పప్పు ముట్టుకుంటే సాలు, పొట్టు రాలిపోతాదే. కొన్నిటికి పేనం పోతాది," అనేది. "ఇరిగితే మేస్త్రీ ఊరుకోడు. ఇరక్కపోతే పొద్దు సరిపోదు."

ఎందుకలా అని అడిగితే, "ఏటో, ఆ సెట్టు బుద్ధి అలగుంటాది," అని లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయేది.

వ్యవసాయ కళాశాలలో చదివి, ఆ తర్వాత ఓ పరిశోధన క్షేత్రంలో ఉద్యోగంలో చేరాక, ఆ చెట్టు బుద్ధి ఏమిటో తేలుద్దామనుకున్నాను. మా క్షేత్రంలో రెండు చెట్లున్నాయి. ఒకటి చాలా లావు పిక్కలు కాసేది, కాని పొట్టు జిగురు పెట్టి అతికించినట్టుండేది. రెండోది పాత చెట్టు. పిక్కలు చిన్నవి. పప్పు వేడి చేసి చల్లారిస్తే, వేయించిన వేరుశనగ పొట్టులా చేతిలో నలిపితే ఊడిపోయేది. ఈ రెంటినీ కలిపితే ఏదో ఒక పిల్లచెట్టుకి రెండు గుణాలూ రాకపోతాయా అని ఆశ.

జీడి పువ్వులతో పని ఓర్పుకి పరీక్ష. ఒక పూగుత్తిలో ఎక్కువ పువ్వులు మగవి. పిక్క కట్టగల పువ్వులు కొన్నే. పొద్దున్నే, పుప్పొడి విచ్చుకోకముందే, అలాంటి పువ్వుని వెతికి దాని పొడుగాటి కేసరాన్ని చిన్న పట్టకారుతో తీసేయాలి. రెండో చెట్టు పుప్పొడి తెచ్చి కీలాగ్రానికి రాయాలి. కాగితం గొట్టం తొడగాలి. ఆ తర్వాత మంచు పడుతుంది, టీ దోమ అనే పురుగు వచ్చి పిందె రసం పీలుస్తుంది, గాలి వీస్తుంది. తొడిగిన గొట్టాల్లో చాలావాటిలో ఏమీ మిగలదు. దొరికిన కాసిని పిక్కలు మొలకెత్తించి, నాటి, అవి పెద్దయి కాపుకి వచ్చేదాకా కూర్చోవాలి. కూర్చున్నాను. ఈలోగా మాకు అధికారులు మారారు, నా జుట్టు నెరిసింది.

ఆ కూర్చున్న రోజుల్లోనే విజయనగరంలో ఓ కాలేజీ సెమినారుకి వెళ్ళాను. కొండ ప్రాంతం నుంచి వచ్చిన ఒకాయన అక్రోటు గురించి మాట్లాడాడు. పెంకు మందం, లోపలి గింజ రంగు, గింజ పెంకులోంచి ముక్కలవకుండా వస్తుందా లేదా, వీటిలో ఏది ఏ క్రోమోజోము మీద ఎక్కడ ఉండొచ్చో తెర మీద రంగురంగుల గీతలతో చూపించాడు. నాకు కళ్ళు మండాయి. మధ్యాహ్నం పులిహోర తింటూ ఆయన మర్యాదగానే అడిగాడు, "మీ జీడిలో పొట్టు సంగతి ఎంతవరకు వచ్చింది మేడం?" అని. పువ్వు దగ్గరే ఉన్నామని చెప్పాను. ఆయన నవ్వలేదు. అది ఇంకా బాధగా అనిపించింది.

చివరికి ఆ పిల్లచెట్లు కాశాయి. చాలావాటిలో నాకు అక్కర్లేనివే కలిశాయి. చిన్న పిక్క, వదలని పొట్టు. కంచె మూల ఉన్న ఒక్క చెట్టు మాత్రం వేరే. పిక్క అంత పెద్దది కాకపోయినా మంచి లావు. పప్పు నిండు. వేడిచేసి చల్లార్చి రెండు వేళ్ళ మధ్య నలిపితే పొట్టు జారిపోయింది. పప్పు తెల్లగా, ఎక్కడా గీత లేకుండా అరచేతిలో నిలిచింది. నేను అక్కడే చెట్టు కింద చతికిలబడి, ఒకటి తర్వాత ఒకటి ఒలుచుకుని తిన్నాను. నా ఉద్యోగంలో అంత సంతోషం ఇంకెప్పుడూ లేదు.

మా అధికారికి చెబితే ఆయన నివేదిక తిరగేసి, "లావు పిక్కల చెట్టుకంటే దీని బరువు తక్కువే కదమ్మా," అన్నాడు.

"బరువు కొంచెం తక్కువే సార్. పొట్టు చూడండి."

"పొట్టు సంగతి ఇప్పుడు యంత్రాలు చూసుకుంటాయి."

"యంత్రంలో వేసినా అతుక్కున్న పొట్టు వదలదు సార్, పప్పు విరుగుతుంది."

"పిక్క బరువు వరకు రాసి ఇవ్వండి. మిగతాది తర్వాత చూద్దాం."

రకం విడుదల చేయాలంటే ఎన్నో కాపులు, ఎన్నో చోట్ల చూడాలి. ఆ నియమం సరైనదే. దాన్ని నేనూ ఒప్పుకుంటాను. ఆ చెట్టు కొమ్మలతో అంట్లు కట్టి మా క్షేత్రంలోనే ఓ వరస నాటాను. రైతులకి ఇవ్వడానికి మాత్రం వీల్లేదు.

ఆ వేసవిలో మా క్షేత్రంలో రైతులకి తోటలు చూపించే రోజు ఒకటి పెట్టారు. మా మావ కూడా ఊరివాళ్ళతో వ్యాన్లో వచ్చాడు. నేను కంచె మూల చెట్టు దగ్గర నిలబడి చెబుతుంటే అందరికంటే ముందు నిలబడి విన్నాడు. పొట్టు ఊడే పప్పు నోట్లో వేసుకున్నాడు. కాసేపటికి చూస్తే, కింద రాలిన పిక్కలు తువ్వాల్లో మూటగట్టుకుంటున్నాడు.

"మావా, అవి నాటకు. తినడానికైతే పట్టుకెళ్ళు," అన్నాను.

"ఏటే, నాటితే ఏటవుతాది?"

"పిక్క నాటితే ఈ చెట్టు రాదు. దీని పువ్వు మీద ఏ చెట్టు పుప్పొడి పడిందో తెలీదు. ఒక్కో మొక్క ఒక్కోలా అవుతుంది. ఇదే చెట్టు కావాలంటే అంటు కట్టాలి. అంట్లు వచ్చాక ఇస్తాను."

"ఎప్పుడొత్తాయి?"

"ఇంకా కొన్నేళ్ళు పడుతుంది."

మావ మూట ముడివేసుకుని, "కాల్సుకు తింతాంలే," అన్నాడు.

కాల్చుకు తినలేదు. తొలకరికి తోటలో ఖాళీ ఉన్న చోటల్లా పాతిపెట్టాడు. ఆ సంగతి నాకు తెలియదు.

ఆ ఏడాది శీతాకాలం ముందర తుఫాను వచ్చింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు నడుం విరిగి పడ్డాయి. మావ నాన్ననాటి జీడిచెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి. మా క్షేత్రంలో కంచె మూల చెట్టు పక్కకి ఒరిగి, దాని కింద నేను నాటిన అంట్ల వరసలో చాలావాటిని నలిపేసింది. వాన తగ్గిన మర్నాడు నేనూ, నా సహాయకుడూ దాని కొమ్మలు కోసి తడిగుడ్డలో చుట్టి మళ్ళీ అంట్లు కట్టాం. ఆ వారమంతా కరెంటు లేదు, నీళ్ళు లేవు, గాలి తేమగా ఉంది. కట్టినవాటిలో ఒక్కటి కూడా పట్టుకోలేదు. నలిగినవాటిలో మిగిలినవి చిగుళ్ళు వేసి, ఒకదాని తర్వాత ఒకటి ఎండిపోయాయి. ఏళ్ళ తరబడి పెంచిన చెట్టుని రంపంతో ముక్కలు కోసి పక్కకి లాగుతుంటే చూస్తూ నిలబడ్డాను. ఏడుపు రాలేదు. ఎవరినైనా తిట్టాలనిపించింది. తిట్టడానికి ఎవరూ కనపడలేదు.

మావ తోటలో మోకాలెత్తు మొక్కలు మాత్రం గాలికి వంగి మళ్ళీ లేచాయి.

అవి కాపుకి వచ్చిన ఏడాది వేసవిలో మావ ఫోను చేశాడు. బాగున్నావా అని కూడా అనలేదు.

"ఒసే గుంటా, నీ సెట్లు కాసినాయి. వొచ్చి సూసుకో."

"నా చెట్లేమిటి మావా?"

"రా, సెప్తాను."

నేనుండే విజయనగరంలో పొద్దున బస్సెక్కాను. ఎచ్చెర్ల దాటి, శ్రీకాకుళంలో బస్సు మారి, అక్కడినుంచి పలాస, పలాసలో ఆటో. దారి పొడుగునా ఆయన ఏం చేసి ఉంటాడో నాకు అర్థమవుతూనే ఉంది. కోపం కూడా దారి పొడుగునా పెరుగుతూనే ఉంది.

మావ అరుగు మీద గోనెపట్టాలు పరిచి, చెట్టుకో కుప్పగా పిక్కలు పోసి ఉంచాడు. ఒక కుప్పలో గోలీలంత చిన్నవి, ఒక కుప్పలో లావువి, ఒకదాంట్లో వంకరవి, ఒకదాంట్లో పైకి నున్నగా కనిపించి లోపల తాలువి. ఏ రెండు కుప్పలూ ఒకేలా లేవు.

"సూడు. ఒకే తల్లి పిల్లలంట ఇవి," అన్నాడు. "కొనేవోడొచ్చి, ఇదేటి గురూ, సంత సేసినావేటి అని నవ్వి ఎలిపోనాడు. ఊర్లో అందరికీ సెప్పుకున్నాను, మా మేనకోడలు సేసిన సెట్టని."

"నాటొద్దని చెప్పానా లేదా?"

"సెప్పినావు. ఇలగవుతాదని సెప్పినావేటి?"

"సరిగ్గా ఇలాగే అవుతుందని చెప్పాను మావా."

"నాకినపడనేదు."

అత్త మజ్జిగ తెచ్చి మా ఇద్దరి మధ్యా పెట్టి, "తువ్వాల్లో మూటగట్టినప్పుడు ఇనపడుంటాదా," అంది. మావ ఆమె వైపు చూడలేదు.

నేను ఆ కుప్పల ముందు కూర్చున్నాను. తిట్టాల్సిన మాటలన్నీ నోట్లోనే ఉన్నాయి. కాని ఆ కుప్పలు చూస్తుంటే లోపల వేరే ఏదో మొదలైంది. చచ్చిపోయిన నా చెట్టు జన్యువులు ఈ తోటలో రకరకాలుగా విడిపోయి, రకరకాలుగా కలిసి నిలబడి ఉన్నాయి. ఏ గుణం ఏ గుణంతో కలిసి నడుస్తుందో, ఏది విడిపోతుందో తేల్చుకోవడానికి ఇలాంటి సంతతే కావాలి. మావకి పనికిరాని తోట, నాకు కావాల్సిన తోట అదే. ఆ మాట ఎలా చెప్పాలో తెలియక, "చెట్లకి గుర్తులు పెడదామా మావా?" అన్నాను.

"నరికేదానికా?"

"కొలిచేదానికి."

ఆయన తువ్వాలు దులుపుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

నాలుగు రోజులు సెలవు పెట్టి అక్కడే ఉన్నాను. చెట్లకి రంగు గుడ్డలు కట్టాను. లేత ఆకులు తెంపి, పరీక్షకి పంపడానికి ఆరబెట్టాను. పిక్కలు తూచాను, కొట్టించాను, పప్పు తూచాను. అత్త గుమ్మంలో కూర్చుని, వేడిచేసిన పప్పు నలిపి, ఒక్కో చెట్టుకి చెప్పింది. "ఇది వొదుల్తాది." "ఇది వొదల్దు." "ఇది సగం సగం." అక్కడా నాకు చిక్కే. ముందురోజు వదులుతుందన్న చెట్టు పప్పుని మర్నాడు మళ్ళీ ఇస్తే, సగం సగమే అంది. నేను ఒలిస్తే మూడో మాట వచ్చింది. ఎండ బాగా తగిలిన పిక్క ఒకలా, కాస్త పచ్చిగా ఏరినది ఒకలా. జన్యువు చెప్పే మాట ఎంత, ఎండ చెప్పే మాట ఎంత అని విడదీయడానికి ఒక్క కాపు చాలదు. ఇంకో రెండు మూడు కాపులు కావాలి.

అయినా ఒకటి కనిపించింది. లావు పిక్కల్లోనూ కొన్ని పొట్టు వదిలాయి, చిన్నవాటిలోనూ కొన్ని వదల్లేదు. అంటే లావూ, అతుక్కునే పొట్టూ ఒకదానికొకటి ముడిపడి లేవేమో. తోటలో పాక వెనక ఉన్న ఓ చెట్టు అయితే దాదాపు చచ్చిపోయిన తల్లిలాగే కాసింది. దానికి ఎర్రగుడ్డ కట్టాను.

వెళ్ళేముందు మావని బతిమాలాను. "ఇంకో మూడేళ్ళు ఉంచు మావా. ఇవి నాకు చాలా విలువైనవి."

"నీకు. మరి నాకో?"

"ఆఫీసులో మాట్లాడి నీకు బదులు ఏదైనా ఇప్పిస్తాను."

"నీ సదువు కోసం నాను తోట పెంసుతాననుకుంటన్నావేటి? తుఫానుకి అంతా పోనాది. ఇంటికి పప్పు రావాల, బస్తా నిండాల. ఈ సంత పిక్కలు ఎవుడు కొంటాడు?"

ఆయన మాటలో తప్పేమీ లేదు. అందుకే ఇంకా చిరాకేసింది.

ఆఫీసులో మా అధికారి అంతా విని, "రైతు సొంతంగా విత్తనం పెట్టిన చెట్లు మన ప్రయోగంలోకి రావు కదమ్మా," అన్నాడు. తండ్రి చెట్లు ఏవో ఆకు పరీక్షలో తెలుసుకోవచ్చని చెప్పాను. నిధుల మాట ఎత్తాడు. పోనీ ఆయనకి మన దగ్గరున్న పాత రకం అంట్లయినా ఇచ్చి ఆ చెట్లు ఉంచమందామంటే, ఒక రైతుకిస్తే అందరూ అడుగుతారన్నాడు. పొట్టు సంగతి మీ బంధువు వేళ్ళతో తేల్చారంటే ఎవరు నమ్ముతారు అని కూడా అన్నాడు. ఆ ఒక్క మాట సబబే. ఒకే కాపుతో రాసిన నా నివేదిక మీద "మరిన్ని కాపుల వివరాలు కావాలి" అని రాసి పక్కన పెట్టారు.

ఆ వానల్లో మావ చెట్లు నరికించాడు. వేళ్ళతో పీకించలేదు. మొదళ్ళు నడుమెత్తు ఉంచి కోయించి, వాటి చిగుళ్ళ మీద నర్సరీ నుంచి తెచ్చిన రకం అంటు కట్టించాడు. అలా అయితే తొందరగా కాపుకొస్తుందని ఓ శిక్షణలో చెప్పింది నేనే. నాకు తెలిసేసరికి అంతా అయిపోయింది. ఒక్క చెట్టుని మాత్రం కోయలేదని అమ్మ చెబితే, ప్రాణం లేచొచ్చి ఫోను చేశాను.

"ఎర్రగుడ్డదేనా మావా?"

"కాదే. నూతి కాడది. దాని పండు తియ్యగుంటాది, గొంతు పట్టదు. మీ అత్తకిష్టమని ఉంచినాను."

ఆ చెట్టు పిక్క గోలీ అంత. పొట్టు అసలు వదలదు. అత్తకి ఇష్టమైతే మంచిదే అన్నాను.

కాసేపు ఆగి అత్తకి చేశాను. కోసిన మొదలు మీద అంటుకి కింద పాత చెట్టు చిగుళ్ళు వస్తుంటాయి. అంటుకి బలం పోతుందని వాటిని రైతులు గిల్లేస్తారు. ఎర్రగుడ్డ చెట్టుకి మాత్రం ఒక్క చిగురు గిల్లకుండా వదిలేయమని అడిగాను.

"మీ మావ సూస్తే?"

"చూడనివ్వు అత్తా. పుల్ల లావయ్యాక నేను కోసుకుపోతాను."

అత్త ఆ చిగురుని ఎండుకొబ్బరాకు చాటున పెట్టి కాపాడింది. మావ చూడకుండా ఉంటాడా, చూశాడు. ఏమీ అనలేదట. వానలు వెనకబట్టాక వెళ్ళి ఆ చిగురు నుంచి పెరిగిన పుల్లలు కోసుకున్నాను. క్షేత్రంలో వాటికి చోటు లేదు, అనుమతి లేని మొక్కలు పెట్టకూడదు. విజయనగరంలో మా డాబా మీద సంచుల్లో అంట్లు కట్టాను. మూడు బతికాయి. కోతులు వచ్చి ఒకదాన్ని పీకిపారేశాయి. మిగిలిన రెండూ బస్సులో ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ ఉద్దానం వెళ్ళాను. ఇన్ని చదువులు చదివి, ఇంత ఉద్యోగం చేసి, నా పనంతా ఒళ్ళో రెండు సంచుల్లోకి వచ్చిందని కండక్టరుతో సహా అందరి మీదా విసుగ్గా ఉన్నాను.

మావ గొయ్యి తవ్వి ఉంచాడు. పాక వెనకే. మొక్క దించుతూ, "ఇది కూడా ఏరేగా కాసిందో, నరికేత్తాను," అన్నాడు.

"ఇది అంటు మావా. తల్లి ఎలా కాసిందో ఇదీ అలాగే కాస్తుంది. పిక్క నాటినట్టు కాదు."

"అప్పుడూ ఇలగే సెప్పినావు."

"అప్పుడు నేను నాటొద్దని చెప్పాను."

"ఏదో ఒకటి సెప్పినావులే," అంటూ మట్టి తొక్కి, చెంబుతో నీళ్ళు పోశాడు.

ఇవి పూతకొచ్చి, కాసి, కాపు మీద కాపు తూచి, పొట్టు సంగతి నలుగురూ నమ్మేలా రాసేసరికి నేను ఉద్యోగంలో ఉండను. ఆ లెక్క నాకు తెలుసు. మావకి చెప్పలేదు. రెండో గొయ్యిలో మట్టి సరిగ్గా అదమలేదని ఆయనతో గొడవపడి, నేనే కూర్చుని మళ్ళీ అదిమాను.